భరిణె చేసే విద్య

చీడికాడ మండలం 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. కోనాం జలాశయం, చెరకు, బెల్లం, పక్కన చోడవరం, మాడుగుల. ఈ ప్రాంతం గురించి రాసేవాళ్ళు సాధారణంగా వీటితో మొదలుపెట్టి వీటితోనే ముగిస్తారు. నేను అడగదలచుకున్న ప్రశ్న వేరే. ఇక్కడి పెళ్ళిళ్ళు, పండగలు, తప్పెటగుళ్ళు, ముసలివాళ్ళ మాటతీరు గత ముప్పై ఏళ్ళలో ఎన్ని రకాల పెట్టెల్లోకి ఎక్కాయి? ఆ పెట్టెలు చేసే విద్య ఎవరి చేతిలో ఉంది? పెట్టె అని ఊరికే అనడం లేదు. వీడియో ఫైలు అంటే ఒకే సరుకు కాదు. అందులో బొమ్మల వరుస ఒకటి, శబ్దం ఇంకొకటి, సబ్‌టైటిళ్ళు మరొకటి, ఏ బొమ్మకు ఏ క్షణాన ఏ శబ్దం కలవాలో చెప్పే కాలపట్టిక వేరొకటి. ఇవన్నీ చెదరకుండా ఒకచోట సర్దిపెట్టే కట్టునే మీడియా కంటైనర్ అంటారు. బొమ్మను కుదించే కోడెక్ వేరు, దాన్ని సర్దే కంటైనర్ వేరు. నా వాదన ఒక్కటే. పెట్టె ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది, దాన్ని మళ్ళీ మొదటినుంచి చేయగలవాళ్ళు ఎంతమంది ఉన్నారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. సోర్స్ కోడ్ తెచ్చుకుని, ఆ పెట్టెను చేసే లైబ్రరీని తమ యంత్రం మీద తామే కంపైల్ చేసుకునే ఆచారం ఇంజనీర్ల సరదా పని కాదు, ఆ విద్య ఆరిపోకుండా కాచే పద్ధతి.

పాతకాలపు పెట్టె తాటాకు గ్రంథం. ఆకును ఉడికించి, ఆరబెట్టి, గంటంతో గీసి, మసి పూసి, బెజ్జంలోంచి దారం దూర్చి, అటో చెక్క ఇటో చెక్క వేసి కట్టేవాళ్ళు. తేమ, పురుగు, నిప్పు, ఏదో ఒకటి చివరికి దాన్ని తినేస్తుంది. అయినా వందల ఏళ్ళ నాటి పుస్తకాలు మనదాకా వచ్చాయంటే, ఆకు గట్టిది కావడం వల్ల కాదు. చూసి రాసుకునేవాళ్ళు ఎప్పటికప్పుడు కొత్త ఆకుల మీదికి ఎక్కించడం వల్ల వచ్చాయి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ చేసిన పనిలో పెద్ద భాగం ఇదే. కడపలో పండితులకు, రాయసగాళ్ళకు జీతాలిచ్చి, ఒకే గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, వాటిని పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. 1829లో అచ్చయిన వేమన పద్యాల వెనక ఉన్నది ఆ శ్రమే. బ్రౌన్‌కు సాధ్యమైందంటే కారణం తాటాకులో రహస్యం లేకపోవడం. లిపి తెలిసినవాడెవడైనా చదవగలడు, ఎత్తి రాయగలడు. రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

యంత్రాలు వచ్చాక ఈ వెసులుబాటు పోయింది. గ్రామఫోను రికార్డుకు సూది కావాలి, క్యాసెట్టుకు టేపురికార్డరు కావాలి. ఐనా అవి చేత్తో పట్టుకుని చూస్తే కొంత అర్థమయ్యే యంత్రాలు. గీత ఎక్కడుందో కనిపిస్తుంది, టేపు తెగితే అతికించవచ్చు. 1993లో ప్రమాణం ఏర్పడిన వీడియో సీడీ మన ఊళ్ళకు పెళ్ళి ఆల్బంతో పాటు వచ్చింది. తెరిచి చూస్తే లోపల డీఏటీ అనే తోకతో ఒక ఫైలు, అంతే. 1992లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఏవీఐ పెట్టెలో సబ్‌టైటిళ్ళకు సరైన చోటు లేదు, మన లిపిలో పేరు పెట్టే ఏర్పాటూ లేదు. ఎంపీ3 పాట చివర అతికించే మొదటి తరం ఐడీ3 చీటీ మొత్తం 128 బైట్లు, అందులో పాట పేరుకు 30 బైట్లు. యూనికోడ్ ఊసే లేదు. తెలుగు పాటల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఒకే పేరు నాలుగు రకాల వర్ణక్రమాలతో మిగిలిపోయాయంటే మన అలవాటును మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. పెట్టె మీద మన అక్షరం రాయడానికి చోటు వదలలేదు. 1995లో వచ్చిన రియల్ ఆడియో సంగతి మరీ ఘోరం. ఇంటర్నెట్టులో మొదటి తరం పాటలు, ప్రసంగాలు ఎన్నో ఆ పెట్టెలో పంచిపెట్టారు. దాన్ని తెరిచే తాళం ఒక్క కంపెనీ ప్లేయర్ దగ్గరే ఉండేది. ఆ ప్లేయర్ వాడకం తగ్గిపోయాక, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు బైటు బైటు విప్పి చూసి లోపలి అమరికను తెలుసుకుని, శబ్దాన్ని, బొమ్మను విప్పే తమ ఉమ్మడి సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో రాసిపెట్టారు కాబట్టి ఇవాళ ఆ ఫైళ్ళు మోగుతున్నాయి.

తెలుగువాళ్ళకు ఇది అక్షరాల్లో ఇంకా దగ్గరగా అనుభవమైంది. 1991 నాటి మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటుంది. అయినా ఆ తర్వాత పదిహేను, ఇరవై ఏళ్ళపాటు మన పత్రికలు, అచ్చాఫీసులు ఎవరి ఫాంటు వాళ్ళు వాడుకున్నారు. అను ఫాంట్లలో కంపోజు చేసిన పేజీని ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన పిచ్చిగీతలు కనిపిస్తాయి. వేలాది పుస్తకాలు అచ్చులో తెలుగు, ఫైలులో ఏ భాషా కానివి. ఇక్కడ జరిగిన మంచి పని ఒకటి చెప్పుకోవాలి. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం కేంద్రంగా కన్నెగంటి రామారావు, ఆనందకిషోర్ కలిసి తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఒక పద్ధతిని ఏర్పరిచారు. ఆర్‌టీఎస్ అంటారు దాన్ని. ఎవరైనా వాడుకోవచ్చు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున, ఆ తర్వాత ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు రాశారు. అది పత్రికల సొంత ఫాంట్ల వెబ్ పేజీలను యూనికోడ్‌లోకి మార్చేది. ఒక్కో ఫాంటు లోపలి అమరికను విప్పి, ఏ గుర్తు ఏ అక్షరమో పట్టికలు తయారుచేసి, ఆ సోర్సును బయట పెట్టారు. ఆ సోర్సు మీదే వీవెన్, ఇంగ్లీషు అక్షరాల మీటలతో తెలుగు రాసే ‘లేఖిని’ నిర్మించారు. ఇంట్లో తెలుగు కీబోర్డు లేని వేలమంది మొదటిసారి తెలుగులో టైపు చేసింది అందులోనే. పద్మ మూసిన పెట్టె అయివుంటే లేఖినికి మళ్ళీ మొదటినుంచి రాసుకోవలసి వచ్చేది.

ఇక మన విషయానికి సరిగ్గా సరిపోయే పెట్టె మత్రోస్కా. 2002 డిసెంబరులో పుట్టింది. అంతకుముందు ఎంసీఎఫ్ అనే కంటైనర్ పథకం నడుస్తుండేది. లాసె కార్కైనెన్ దాని ముఖ్యుడు. లోపలి సమాచారాన్ని ఎలా పేర్చాలన్న దగ్గర ఆయనకూ స్టీవ్ లోమ్‌కూ పడలేదు. లోమ్ పక్షం విడివడి, ఈబీఎంఎల్ అనే అమరికతో కొత్త పెట్టె మొదలుపెట్టింది. అందులో ప్రతి సరుకుకూ ముందు ఒక గుర్తు, ఆ తర్వాత ఎన్ని బైట్లో కొలత, ఆ తర్వాత సరుకు. ఆ సరుకు మళ్ళీ ఇలాంటిదే ఇంకో పెట్టె కావచ్చు. తెలియని గుర్తు ఎదురైతే కొలత చూసి దాటేసి ముందుకు పోవచ్చు, ఆగనక్కర్లేదు. పాత ప్లేయరు కొత్త ఫైలును, కొత్త ప్లేయరు పాత ఫైలును చదవగలగడానికి ఈ చిన్న ఏర్పాటే కారణం. పెట్టెలో పెట్టె కాబట్టి రష్యా బొమ్మ పేరు పెట్టారు. ఆ బొమ్మకూ వయసు ఎక్కువ లేదు, 1890లలో అబ్రమ్‌త్సెవో కళాకారుల చుట్టూ పుట్టింది. లేత్ పట్టినవాడు జ్వ్యోజ్‌దోచ్‌కిన్, రంగులు వేసినవాడు మల్యూతిన్. అనకాపల్లి జిల్లావాళ్ళకు ఇది పరాయి విషయం అనిపించకూడదు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కణికను దానికి ఆనిస్తారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే మెరుగు వస్తుంది. లక్కపిడతలు, కుంకుమ భరిణెలు అలా తయారైనవే. మూత సరిగ్గా బిగిసేలా లోపలి అంచును తీయడంలోనే అసలు నేర్పంతా ఉంది.

ఆ నేర్పు సాఫ్ట్‌వేర్‌లో ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. మత్రోస్కాను నిర్మించే లైబ్రరీలు రెండు: లిబ్ ఈబీఎంఎల్, లిబ్ మత్రోస్కా. సీ ప్లస్ ప్లస్‌లో రాశారు, ఎల్‌జీపీఎల్ లైసెన్సు. మొదటిది పేర్చే పద్ధతి మాత్రమే తెలిసినది, రెండోది ఆ పద్ధతితో సినిమా పెట్టెను చేసేది. కాబట్టి వరుస మారకూడదు. ముందు ఈబీఎంఎల్‌ను కంపైల్ చేసి స్థాపించాలి. అది లేకుండా మత్రోస్కా దగ్గరికి వెళ్తే సీమేక్ అనే బిల్డ్ పనిముట్టు అక్కడే నిలబడి, ఈబీఎంఎల్ దొరకలేదని చెప్పి ఆగిపోతుంది. మొదటిసారి బిల్డ్ చేసేవాళ్ళలో చాలామంది తడబడేది ఇక్కడే, ఏది దేని మీద నిలబడిందో నేర్చుకునేదీ ఇక్కడే. ఒక్కో సోర్సు ఫైలు ఒక్కో ఆబ్జెక్టు ఫైలుగా మారుతుంది, చివర అన్నీ కలిసి ఒక లైబ్రరీ అవుతుంది. ఈ ఆచారంలో ప్రతి పనిముట్టుకూ ఒక చరిత్ర ఉంది. సోర్సును మూటకట్టే టార్ పేరులోనే టేపు ఉంది, అది 1979 నాటి యునిక్స్‌తో వచ్చింది. ఏది మారిందో చూసి దాన్ని మాత్రమే మళ్ళీ చేసే మేక్‌ను 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. రకరకాల యంత్రాల తేడాలను ముందే పసిగట్టే ఆటోకాన్ఫ్ 1991లో, సీమేక్ 2000 ప్రాంతంలో వచ్చాయి. మత్రోస్కా లైబ్రరీలే చేత్తో రాసిన మేక్‌ఫైళ్ళతో మొదలై, ఆటోకాన్ఫ్ మీదికి, ఆ తర్వాత సీమేక్ మీదికి మారాయి. మన దేశంలో ఈ ఆచారం వ్యాపించడానికి ఒక పత్రిక తోడ్పడింది. 1990ల రెండో సగంలో, డయలప్ లైను మీద పెద్ద ఫైలు దింపుకోవడం దాదాపు అసాధ్యమైన రోజుల్లో, పీసీక్వెస్ట్ తన సంచికలతో పాటు లినక్స్ సీడీలు ఇచ్చేది. ఇంటర్నెట్టు సరిగ్గా లేని ఊళ్ళోనూ కంపైలరూ సోర్సూ రెండూ ఒక పళ్ళెంలో చేరాయి.

తయారైన పెట్టెలో మన ఊరి పేరు పెట్టి చూస్తే, సోర్సు చదవడం దేనికో తెలుస్తుంది. ప్రతి మత్రోస్కా ఫైలూ హెక్సాడెసిమల్‌లో 1ఎ, 45, డీఎఫ్, ఎ3 అనే నాలుగు బైట్లతో మొదలవుతుంది. లోపల శీర్షికకు రెండు బైట్ల గుర్తు, ఒక బైటు కొలత. అక్షరాలు యూటీఎఫ్-8లో ఉంటాయి. ‘చీడికాడ’ అన్న మాటలో అచ్చులూ హల్లులూ విడదీస్తే ఏడు సంకేతాలు, ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 21. గుర్తూ కొలతా కలిపి 24 బైట్లలో ఊరి పేరు ఊరి లిపిలోనే కూర్చుంటుంది. ఐడీ3 ఇవ్వని చోటు ఇది ఇచ్చింది. అదే సోర్సులో ఇంకో వరుస ఉంది. ప్రతి శబ్దపు ట్రాకుకూ ఏ భాషో చెప్పే గడి ఒకటుంటుంది, మూడక్షరాల సంకేతం. తెలుగుకు టి, ఇ, ఎల్. రాసేవాడు ఆ గడిని వదిలేస్తే ఏమవుతుంది? లిబ్ మత్రోస్కాలో ఆ గడి నిర్వచనం ఉన్న చోట, పక్కనే డిఫాల్టు విలువ ఇచ్చారు: ఇ, ఎన్, జి. భాష చెప్పకపోతే అది ఇంగ్లీషు. చీడికాడలో ఒక ముసలమ్మ ఏటి, నేదు అంటూ చెప్పిన కథను రికార్డు చేసి, భాష రాయడం మరిచిపోతే, చదివే యంత్రానికి అది ఇంగ్లీషు కథ. తయారుగా దొరికే యాప్‌తో ఈ సంగతి సాధారణంగా కనిపించదు. సోర్సు విప్పినవాడికి ఒక్క వరుసలో కనిపిస్తుంది. తర్వాతి కాలంలో భాషల పేర్లకు ఇంటర్నెట్ ప్రమాణమైన బీసీపీ 47 పద్ధతిలో భాష చెప్పే కొత్త గడి చేర్చారు. అది నింపితే పాత గడిని పట్టించుకోకూడదని నియమం. ఆ పద్ధతిలో తెలుగు అని చెప్పి, సొంత వాడకానికి కేటాయించిన ఎక్స్ అక్షరం పెట్టి, ఉత్తరాంధ్ర యాసకు మనమే ఒక చిన్న పేరు తగిలించుకోవచ్చు.

దీనికి మొదటి అభ్యంతరం తెలిసిందే. ఇదంతా ఎవరికి కావాలి? ఫోనులో వీడియో ఆడుతోంది, లినక్స్ వాడేవాడికి కూడా తయారుగా ప్యాకేజీ దొరుకుతుంది, అరగంట కూర్చుని కంపైల్ చేయడం దండగ కాదా? అందరూ చేయనక్కర్లేదని నేనూ ఒప్పుకుంటాను. చెరకు పండించే ప్రతి ఇంటికీ గానుగ ఉండదు, చక్కెర ఫ్యాక్టరీకి తోలేవాళ్ళు చాలామంది. కానీ ఈ ప్రాంతంలో ఎవరికీ పాకం దింపే అదను తెలియకుండా పోతే, రైతుకు ఫ్యాక్టరీ చెప్పిన ధర తప్ప వేరే దారి ఉండదు. తయారు ప్యాకేజీ కూడా ఎవరో ఒకరు సోర్సు నుంచి చేసిందే. ఆ ఎవరో మన భాష గడి గురించి ఆలోచించే మనిషి కావాలంటే, అతను మనవాడై ఉండాలి.

రెండో అభ్యంతరం బరువైనది. సోర్సు బయట ఉన్నంత మాత్రాన భద్రత వస్తుందా? రాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీలో దొంగదారి బయటపడింది. దాన్ని దాచిన తీరు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కొన్నేళ్ళు నమ్మకంగా పనిచేసిన ఒక చెయ్యి, అందరూ చూసే సోర్సులో లేని కొన్ని వరుసలను, విడుదల చేసిన టార్ మూటలోని బిల్డ్ స్క్రిప్టులో చేర్చింది. అంటే సోర్సు నుంచి కట్టుకుంటున్నామనుకున్నవాళ్ళే మోసపోయేవాళ్ళు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వుకుంటూ పోయాడు. లిబ్ ఈబీఎంఎల్‌లోనే 2021లో ఒక లోపం బయటపడింది. తప్పుడు కొలత రాసిన ఫైలు ఇస్తే, అక్షరాలు చదివే చోట కేటాయించిన జాగా దాటి రాసేది. 1.4.2 విడుదలలో సరిచేశారు. కొలత ముందు, సరుకు తర్వాత అనే అమరికలో ఉన్న బలహీనత అదే, కొలత అబద్ధమైతే పెట్టె పగులుతుంది. ఈ రెండు ఉదాహరణలూ నా వాదనను పడగొట్టవు, దానికి పదును పెడతాయి. సోర్సు కనబడటం ఒకటే చాలదు. అది కడుతూ, ఆడించి చూస్తూ, అనుమానం వస్తే విప్పేవాళ్ళు కావాలి. ఒకే సోర్సు నుంచి ఇద్దరు వేర్వేరు చోట్ల బిల్డ్ చేస్తే బైటు తేడా లేకుండా ఒకటే రావాలని డెబియన్ లినక్స్ వాళ్ళు 2013 నుంచి పట్టుబడుతున్నది అందుకే.

సోర్సు ఉండి చేతులు లేకపోతే ఏమవుతుందో పద్మ చరిత్రే చెబుతుంది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు పాత పద్ధతి పొడిగింపులన్నీ ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. పద్మ ఆ పాత పద్ధతిలో రాసినదే. కాలం మారినప్పుడల్లా కొత్త పునాది మీదికి ఎక్కించే పని తప్పదు, అది తాటాకు రోజుల్లోనూ తప్పలేదు. ఏటికొప్పాకలో ఇదే జరిగింది. రసాయన రంగులు చౌకగా వచ్చి పడ్డాక, పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు లాంటి వాటితో లక్కకు రంగు పట్టించే పాత పద్ధతి చేతుల్లోంచి జారిపోయింది. లేత్ అలాగే ఉంది, అంకుడు కర్ర అలాగే ఉంది, రంగు చేసే విద్య మాత్రం మరుగునపడింది. చింతలపాటి వెంకటపతి రాజు కూర్చుని మొక్కల రంగులను మళ్ళీ లక్కకు పట్టించారు, ఆ పద్ధతిని పనివాళ్ళకు అందించారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చాయి. వస్తువులు మ్యూజియంలో ఉన్నంత మాత్రాన అవి చేసే తీరు తెలియదు. అల్మరాలో ఉన్న భరిణెను ఎన్ని గంటలు చూసినా ఏ గింజ ఏ వేడిలో ఎంతసేపు పెట్టాలో అది చెప్పదు.

మత్రోస్కా, విద్య మరుగునపడే ఆ ప్రమాదం నుంచి చాలావరకు బయటపడింది. కారణం, ఒకే చేతి మీద ఆధారపడకపోవడం. లిబ్ మత్రోస్కాను వీఎల్‌సీ ప్లేయర్ వాడుతుంది, మత్రోస్కా ఫైళ్ళు చేయడానికి, సవరించడానికి మోరిట్జ్ బుంకుస్ రాసిన ఎంకేవీటూల్‌నిక్స్ వాడుతుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మాత్రం దాన్ని తీసుకోకుండా, వివరణ చదివి తన సొంతంగా రాసుకుంది. 2010 మేలో గూగుల్ ప్రకటించిన వెబ్‌ఎం ఈ పెట్టెలో ఒక భాగమే. ఇప్పుడు వికీమీడియా కామన్స్‌లో తెలుగు వీడియో పెట్టాలంటే ఎంపీ4 తీసుకోరు, వెబ్‌ఎం తీసుకుంటారు. మత్రోస్కా వివరణను ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ చేతికెత్తుకుంది. 2020లో ఈబీఎంఎల్ ఆర్‌ఎఫ్‌సీ 8794గా, 2024 అక్టోబరులో మత్రోస్కా ఆర్‌ఎఫ్‌సీ 9559గా వెలువడ్డాయి. అంటే ఈ లైబ్రరీలన్నీ రేపు మాయమైనా, ఆ కాగితం చదివి ఎవరైనా మళ్ళీ చేయవచ్చు. సినిమా, శబ్ద భాండాగారాలు ఈ పెట్టెవైపు మొగ్గడానికి అదొక కారణం.

ఆ ఆర్‌ఎఫ్‌సీలో కూడా భాష గడికి డిఫాల్టు ఇంగ్లీషే. మార్చలేరు. మారిస్తే, ఇరవై ఏళ్ళుగా ఆ గడి ఖాళీగా వదిలేసిన ఫైళ్ళ అర్థం మారిపోతుంది. కాబట్టి చీడికాడ పెళ్ళి వీడియో అయినా, కోనాం దగ్గర తీసిన తప్పెటగుళ్ళ రికార్డయినా, తెలుగు అని ఎవరో ఒకరు చేత్తో రాయాలి. ఎంకేవీటూల్‌నిక్స్‌లో అది ఒక్క ఆదేశం, ఫైలును మళ్ళీ కుదించనక్కర్లేదు, శబ్దం చెక్కుచెదరదు. మారేది భాష చెప్పే చిన్న చీటీ మాత్రమే.